తప్పించుకున్న ప్రతిసారీ బలపడే భయం

1950ల తొలినాళ్లలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సాలమన్, లైమన్ విన్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. అలాంటి ప్రయోగానికి ఇవాళైతే అనుమతి దొరకదు. రెండు అరలున్న పెద్ద పెట్టె, మధ్యలో కుక్క భుజమంత ఎత్తున అడ్డుగోడ. కుక్క ఉన్న అరలో దీపం ఆరిపోతుంది. 10 సెకన్ల తర్వాత నేలలోంచి గట్టి షాక్ తగులుతుంది. ఈలోపు గోడ దూకి అవతలి అరలోకి పోతే షాక్ ఉండదు. కొద్దిసార్లకే కుక్కలు కిటుకు పట్టేశాయి. దీపం ఆరడమే ఆలస్యం, దూకేసేవి. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. కరెంటు పూర్తిగా తీసేశాక కూడా అవి దూకుతూనే ఉన్నాయి. కొన్నయితే వందలసార్లు దూకాయి, అదీ మునుపటికంటే వేగంగా. షాక్ ఇక లేదన్న సంగతి తెలియాలంటే దీపం ఆరాక ఆ 10 సెకన్లూ అక్కడే నిలబడాలి. ముందే దూకేసే కుక్కకు ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. 1953లో అచ్చయిన ఈ ఫలితాలు పదిహేనేళ్ల పిల్లల ఆందోళనను అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తున్నాయి.

ఆ కుక్కల ప్రవర్తనకు వివరణ అప్పటికే ఉంది. 1947లో ఒ. హెచ్. మౌరర్ భయాన్ని రెండు దశలుగా విడదీసి చూపించాడు. మొదటి దశలో మనసు ఒక గుర్తును ప్రమాదంతో ముడిపెట్టుకుంటుంది. రెండో దశలో ఆ గుర్తు కనిపించగానే తప్పుకోవడం నేర్చుకుంటుంది. తప్పుకోగానే భయం తగ్గుతుంది, ప్రాణం కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే బహుమతి. బహుమతి దొరికిన పనిని మెదడు మళ్లీ మళ్లీ చేయిస్తుంది. కౌమారంలో కనిపించే ఆందోళన, కుంగుబాటు, దారుణ అనుభవాల తర్వాత మిగిలే మానసిక గాయం పైకి మూడు వేర్వేరు జబ్బులు. వాటి మొదలుకు కారణాలు అనేకం: వంశపారంపర్యం, ఇంటి వాతావరణం, పేదరికం, హింస, నష్టం. అయితే ఎందువల్ల మొదలైందనేది ఒక ప్రశ్న, ఎందువల్ల తగ్గకుండా ఉండిపోయిందనేది మరో ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకు మూడింటిలోనూ దొరికే ముఖ్యమైన జవాబు ఒకటుంది: తప్పించుకోవడం. అప్పటికప్పుడు బాధ తగ్గించే పని అధిక వడ్డీకి తెచ్చిన అప్పులాంటిది. ఆ పూట గడుస్తుంది, బాకీ పెరుగుతుంది. కాబట్టి బాధను తట్టుకునే పద్ధతుల్లో ఏది మంచిదో తేల్చేటప్పుడు, ఆ క్షణంలో ఎంత హాయినిచ్చిందని అడిగితే సరిపోదు. మర్నాడు పిల్లలు చేయగలిగిన పనులు పెరిగాయా తరిగాయా అని చూడాలి. ఈ అధ్యాయం వాదన అదే.

ఈ లెక్క కౌమారంలోనే ఎందుకు ఇంత ముఖ్యం? మానసిక రుగ్మతలు ఎక్కువగా మొదలయ్యేది ఈ వయసులోనే. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2022లో ప్రచురించిన విశ్లేషణలో, ఇవి అత్యధికంగా తలెత్తే వయసు 14.5 ఏళ్లని తేలింది. దాదాపు సగం కేసులు 18 ఏళ్లు నిండకముందే మొదలవుతున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని లెక్కకట్టింది. అరవై మంది కూర్చునే తరగతిలో నలుగురైదుగురు అన్నమాట. మెదడు తీరు కూడా ఇందులో కలిసొస్తుంది. భయాన్ని పసిగట్టే అమిగ్డలా ఈ వయసులో చురుగ్గా ఉంటుంది. దాన్ని అదుపు చేసే ముందరి భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇరవై దాటాక గాని పూర్తిగా పరిణతి చెందదు. 2012లో అమెరికా పరిశోధకులు ఎలుకల మీద, మనుషుల మీద ఒకే రకం పరీక్ష చేసి చూశారు. ప్రమాదం తొలగిపోయాక భయాన్ని వదులుకోవడం పసివాళ్ల కంటే, పెద్దవాళ్ల కంటే కౌమారుల్లో నెమ్మదిగా జరుగుతోందని గమనించారు. భయం నేర్చుకోవడంలో వాళ్లు ఎవరికీ తీసిపోరు, మరిచిపోవడం దగ్గరే ఆలస్యం. పెద్దవాళ్లకు రెండుసార్లు ఎదుర్కొంటే పోయే జంకు వీళ్లకు పదిసార్లకు గాని పోకపోవచ్చు. 'ఒకసారి వెళ్లొచ్చావుగా, ఇంకా భయమేంటి?' అనే మాట అందుకే పెద్దల కొలతతో పిల్లల్ని కొలవడం అవుతుంది.

ఇది నిత్యజీవితంలో ఎలా నడుస్తుందో చూద్దాం. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి ఉన్నాడనుకోండి. పదో తరగతిలో తానే ఫస్టు, ఇక్కడ సెక్షన్‌లో అందరూ ఫస్టులే. ఒక వీకెండ్ టెస్టులో ఫిజిక్స్ పేపర్ చూడగానే గుండె దడదడలాడింది, నోరు తడారిపోయింది, చదివినదంతా చెరిపేసినట్టయింది. తర్వాతి వారం టెస్టు రోజు పొద్దున కడుపులో తిప్పింది. నటన కాదు, నిజంగానే. ఒత్తిడి హార్మోన్లు జీర్ణక్రియను మందగింపజేస్తాయి, పేగుల కదలికను మారుస్తాయి. వార్డెన్ సిక్ రూమ్‌కు పంపాడు. టెస్టు తప్పింది, పదిన్నరకల్లా కడుపునొప్పీ పోయింది. ఆ ఒక్క పొద్దుటిలో మెదడు రెండు పాఠాలు నేర్చుకుంది. ఆ గదిలో నిజంగానే ప్రమాదం ఉందన్నది ఒకటి, వెళ్లకపోవడం వల్లే బతికిపోయానన్నది రెండోది. ఆ తర్వాత టెస్టుకు ముందు రోజు రాత్రే నిద్ర పట్టదు. ఆపై ఫిజిక్స్ పుస్తకం తెరవాలంటేనే చిరాకు, ఫోన్ పట్టుకుంటే కాస్త ఊరట. బ్యాక్‌లాగ్ పేరుకుపోతుంది. ఇప్పుడు భయపడటానికి నిజమైన కారణమే ఏర్పడింది. తప్పించుకోవడం ఎప్పుడూ ఇంత బాహాటంగానే ఉండనక్కర్లేదు. టెస్టు రాస్తూనే ప్రతి జవాబూ నాలుగుసార్లు సరిచూడటం, రోజుకు పదిసార్లు అమ్మకు ఫోన్ చేసి 'నేను ఫెయిలవను కదా?' అని అడిగి హామీ పుచ్చుకోవడం, సందేహం ఉన్నా లెక్చరర్ కంట పడకుండా చివరి బెంచీలో ఒదిగిపోవడం కూడా ఆ కుక్కల్లా గోడ దూకడమే.

దీన్నుంచి వెనక్కి వచ్చే దారి శాస్త్రానికి నూరేళ్లుగా తెలుసు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు, మూడేళ్లు కూడా నిండని పీటర్ అనే పిల్లవాడి కుందేలు భయాన్ని పోగొట్టిన తీరును ప్రచురించింది. మొదట్లో గదిలో ఏ మూల కుందేలున్నా పీటర్ ఏడ్చేవాడు. ఇష్టమైన తిండి తింటూ ఉండగా, బోనులోని కుందేలును 12 అడుగుల దూరంలో పెట్టారు. తట్టుకున్నాడు. తర్వాత 4 అడుగులు, ఆపై 3 అడుగులు, ఆనక పక్కనే. అటుపైన బోను తీసేశారు. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా పీటర్ వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు కౌమారులకు ఇచ్చే ఎక్స్‌పోజర్ చికిత్సకు మూలం ఇదే. పాత భయం జ్ఞాపకం ఇక్కడ చెరిగిపోదు. దాని పక్కన 'ఏమీ కాలేదు' అనే కొత్త జ్ఞాపకం తయారై, దానితో పోటీ పడుతుంది. అందుకే ఒత్తిడి పెరిగినప్పుడు పాత భయం మళ్లీ తల ఎత్తవచ్చు, దాన్ని ఓటమిగా లెక్కపెట్టనక్కర్లేదు. భయం తగ్గేదాకా ఆగడం కంటే, జరుగుతుందనుకున్నది జరగలేదని తెలుసుకోవడం ముఖ్యమని మిషెల్ క్రాస్కే వంటి పరిశోధకులు చెబుతున్నారు. మన విద్యార్థి విషయంలో మొదటి మెట్టు పాత ప్రశ్నపత్రాన్ని బల్ల మీద పెట్టుకోవడం కావచ్చు. రెండోది టైము పెట్టుకోకుండా ఒక్క ప్రశ్న రాయడం, మూడోది 20 నిమిషాల స్లిప్ టెస్టు, నాలుగోది తెలియని జవాబు ఖాళీగా వదిలేసి పేపరు ఇచ్చేయడం. ప్రతి మెట్టుకూ ముందు 'ఏమవుతుందని అనుకుంటున్నావు?' అన్నది రాసుకోవాలి, తర్వాత ఏమైందో దాని పక్కన రాయాలి. 'బుర్ర పనిచేయదు, లేచి వచ్చేస్తాను' అన్న అంచనా పక్కన 'మూడు నిమిషాలు పనిచేయలేదు, తర్వాత రెండు ప్రశ్నలు రాశాను' అని పడితే, అది ఎవరో ఇచ్చిన ధైర్యవచనం కాదు, తన సొంత సాక్ష్యం. 7–17 ఏళ్ల 488 మందితో అమెరికాలో జరిగి 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఇలాంటి అభ్యాసం కీలకంగా ఉన్న మాటల చికిత్స వల్ల సుమారు 60 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో మెరుగుపడింది 24 శాతం మందే.

కుంగుబాటులో ఇదే యంత్రం మరో వేషంలో పనిచేస్తుంది. ఇక్కడ పిల్లలు పారిపోయేది ప్రమాదం నుంచి కాదు, అలసట నుంచి, వైఫల్యం నుంచి, నలుగురి ముందు ముఖం చూపించాల్సి రావడం నుంచి. ఆటకు వెళ్లడం మానేస్తే ఆ సాయంత్రానికి హాయే. అయితే ఆటతో పాటు స్నేహితుల నవ్వు, ఒంటికి కదలిక, ఒక గోలు కొట్టిన సంతోషం కూడా పోతాయి. సంతోషమిచ్చేవి తగ్గేకొద్దీ మనసు ఇంకా కుంగుతుంది, కుంగేకొద్దీ మరో పని మానాలనిపిస్తుంది. 1970లలో పీటర్ లెవిన్సన్ ఈ వలయాన్ని వివరించాడు. బయటపడే దారి కూడా అందులోంచే వచ్చింది: ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని కూర్చోకుండా, చిన్న పనులతో మొదలుపెట్టి ఉత్సాహాన్ని వెనకనుంచి రానివ్వడం. ఇది మాటలకు తేలిక, కుంగిపోయినవాడికి కొండ. కనుకనే పనిని స్నానం, పది నిమిషాల నడక, ఒక స్నేహితుడికి మెసేజ్ అన్నంత చిన్నదిగా విడగొడతారు. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం ఈ పద్ధతిని వైద్యులు కాని, కొద్ది వారాల శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్ల చేత అమలు చేయించింది. 2017లో వచ్చిన ఫలితాల్లో, ఆరు నుంచి ఎనిమిది భేటీలతో మూడు నెలలకు 64 శాతం మంది కుంగుబాటు నుంచి తేరుకున్నారు. మామూలు సంరక్షణ మాత్రమే అందినవాళ్లలో తేరుకున్నది 39 శాతం. వాళ్లంతా పెద్దవాళ్లే కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా పిల్లలకు అంటగట్టలేం. కానీ సైకియాట్రిస్టు లేని మండలంలో కూడా ఈ వలయాన్ని తెంచవచ్చని మాత్రం అవి రుజువు చేశాయి.

మానసిక గాయం దగ్గరికి వచ్చేసరికి తప్పించుకోవడం లోపలికి తిరుగుతుంది. ప్రమాదం, లైంగిక దాడి, కళ్లెదుట మరణం వంటివి అనుభవించిన పిల్లలకు మొదటి కొన్ని వారాలు పీడకలలు, ఉలికిపాటు, చిన్న శబ్దానికే ఒళ్లు బిగుసుకోవడం సహజం. చాలామందిలో ఇవి వాటంతటవే తగ్గుతాయి. కొందరిలో నెల దాటినా తగ్గవు. వాళ్లు ఆ వీధి వైపు వెళ్లరు, ఆ వాసన, ఆ పాట, ఆ మాట దరిచేరనివ్వరు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ జ్ఞాపకాన్ని లోపలే నొక్కిపెడతారు. వద్దన్న ఆలోచన మరింతగా ముసురుకుంటుందని 1987లో డేనియల్ వెగ్నర్ చేసిన ప్రయోగాలు చూపించాయి. మనసులోకి రావద్దని చెప్పినది తెల్ల ఎలుగుబంటి అంతటి మామూలు విషయమైనా అదే జరిగింది. అలాగని బాధితులందర్నీ పిలిచి వెంటనే జరిగిందంతా చెప్పించడం కూడా పరిష్కారం కాదు. ఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి తర్వాతి జబ్బును ఆపలేదని, కొందరికి కీడు కూడా చేసి ఉండవచ్చని సమీక్షల్లో తేలింది. మేలు చేసేది శిక్షణ పొందిన మనిషి తోడుగా, తన వేగంలో, పలుమార్లు ఆ జ్ఞాపకం దగ్గరికి వెళ్లిరావడం. ఎడ్నా ఫోవా బృందం ఫిలడెల్ఫియాలో, లైంగిక హింసకు గురైన 13–18 ఏళ్ల 61 మంది అమ్మాయిలతో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఈ పద్ధతిలో చికిత్స పొందినవాళ్లలో 83 శాతం మందికి మానసిక గాయం తాలూకు రుగ్మత నిర్ధారణ తొలగిపోయింది. ఓదార్పుతో కూడిన కౌన్సెలింగ్ పొందినవాళ్లలో అది 54 శాతం. ఓదార్పు వృథా కాదని రెండో అంకె, అదొక్కటే చాలదని మొదటి అంకె చెబుతున్నాయి.

ఇంతవరకూ చదివి, 'అంటే పిల్లల్ని భయంలోకి నెట్టమంటారా? ఈత రావాలని బావిలో తోసెయ్యడం లాంటిదేగా?' అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఆధారాల్లోనే ఉంది. కుందేలును మొదటి రోజే పీటర్ ఒళ్లో పెట్టలేదు. తనకు చెప్పకుండా, తన ప్రమేయం లేకుండా భయంలోకి తోసేసినప్పుడు పిల్లవాడు నేర్చుకునేది ఒకటే: ఈ లోకంతో పాటు నమ్మిన మనుషులు కూడా ప్రమాదకరమే అని. మెట్లు ఎంచుకోవడంలో వాడి మాట ఉండాలి, ప్రతి మెట్టూ కష్టంగానే ఉంటూ ఎక్కగలిగేంత ఎత్తులో ఉండాలి. పెద్దల వంతు పని ఇంకొకటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఈలై లెబొవిట్జ్ బృందం 124 మంది ఆందోళన ఉన్న పిల్లల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక వర్గం పిల్లలకు అసలు చికిత్సే ఇవ్వలేదు, వాళ్ల తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణ సారాంశం ఇది: బిడ్డ బాధను గుర్తించి మాట్లాడాలి, తట్టుకోగలవన్న నమ్మకం చెప్పాలి, బిడ్డ బదులు తాము తప్పించి పెట్టే పనుల్ని కొద్దికొద్దిగా మానాలి. ఫలితం పిల్లలకే నేరుగా చికిత్స ఇచ్చిన వర్గానికి తీసిపోలేదు. 'నీకు భయంగా ఉందని నాకు తెలుసు నాన్నా, అయినా నువ్వు చేయగలవు' అనే వాక్యంలో ఆ రెండు సగాలూ ఉండాలి. మొదటి సగమే ఉంటే గారాబం, రెండో సగమే ఉంటే గద్దింపు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. భయపడటం పిల్లవాడి మెదడు తప్పా, లేక నిజంగానే భయపెట్టే చోట వాణ్ణి పెట్టామా? కుక్కల పెట్టెలో కరెంటు ఇంకా నడుస్తూ ఉంటే దూకడమే తెలివి. ఇంట్లో కొట్టే తండ్రి, బస్సులో చేయి వేసే మనిషి, హాస్టల్లో వేధించే సీనియర్లు ఉన్నప్పుడు పిల్లలకు చెప్పాల్సింది ధైర్యంగా ఎదుర్కొమ్మని కాదు. అక్కడ్నుంచి తప్పించాల్సింది, చట్టాన్ని కదిలించాల్సింది పెద్దలే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, 2012 నాటి పోక్సో చట్టం ఉన్నది అందుకే. చదువుల ఒత్తిడి మనసులో మిగిలిన పాత భయానికీ, ఇలాంటి నిజమైన ప్రమాదానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. తెల్లవారుజామునే మొదలయ్యే స్టడీ అవర్లు, ర్యాంకుల వారీగా విడగొట్టిన సెక్షన్లు, మార్కులు తగ్గితే అందరి ముందు చీవాట్లు ఉన్న కాలేజీలో విద్యార్థికి ఊపిరి వ్యాయామాలు నేర్పి చేతులు దులుపుకోవడం అన్యాయం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ను పెట్టుకోవాలని, చదువులో ప్రతిభను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానాలని అందులో ఉంది. వాతావరణం మారితే ఫలితం ఉంటుందనడానికి బిహార్ నలంద జిల్లా సాక్ష్యం. అక్కడి 74 పాఠశాలల్లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో ఒక వర్గం బళ్లకు స్థానిక కౌన్సెలర్‌ను ఇచ్చారు. బడి అసెంబ్లీలో చర్చలు, గోడపత్రిక, పిల్లలు తమ గోడు రాసి వేసే పెట్టె, వేధింపులపై బడి నియమాలు ఆ కౌన్సెలర్ పని. ఆ బళ్లలో కుంగుబాటు లక్షణాలు, వేధింపులు, హింస తగ్గాయి. అదే పనిని ఉపాధ్యాయుల నెత్తిన వేసిన బళ్లలో మార్పు రాలేదు. కాబట్టి వ్యవస్థను మార్చడమా, పిల్లలకు నేర్పడమా అనే పోటీ అర్థం లేనిది. షాక్ ఆపేసే పని పెద్దలది. ఆగిపోయిందని కనుక్కునే నైపుణ్యం పిల్లలది. మొదటిది చేయకుండా రెండోది అడిగే హక్కు మనకు లేదు.

మరి ధ్యానం, ఊపిరి వ్యాయామం, పాటలు, ఫోన్, డైరీ రాసుకోవడం మంచివా, చెడ్డవా? ఈ వాదన ప్రకారం ఏ పద్ధతికీ దానంతట దానికి మార్కులు లేవు. స్టేజీ ఎక్కేముందు రెండు నిమిషాలు ఊపిరి నెమ్మదిగా వదిలి స్టేజీ ఎక్కితే అది సాధనం. అదే ఊపిరి వ్యాయామం పేరుతో 'ఇంకా శాంతం కుదరలేదు, రేపు మాట్లాడతాను' అని వాయిదా వేస్తే అది కూడా గోడ దూకడమే. స్నేహితుడితో బాధ చెప్పుకుని తర్వాత ఏం చేయాలో తేల్చుకుంటే మేలు. ఇద్దరూ కలిసి అదే బాధను రోజూ గంటలు గంటలు నెమరేస్తే ఇద్దరూ కుంగే ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో 85 పాఠశాలల్లో 8,000 మందికి పైగా పిల్లలతో జరిగిన మిరియాడ్ అధ్యయనం 2022లో వెలువడింది. తరగతి మొత్తానికీ ధ్యానం లాంటి మైండ్‌ఫుల్‌నెస్ నేర్పడం వల్ల, మామూలు పాఠాల కంటే మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదు. అందరికీ ఒకే మందు అన్న ఆశకు అది గట్టి దెబ్బ. నిద్ర సంగతి మాత్రం వేరు. 13–18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో శరీర గడియారమే ఆలస్యంగా నడుస్తుంది గనుక రాత్రి త్వరగా నిద్ర రాదు. నేర్చుకున్నది, భయాన్ని వదులుకోవడంతో సహా, జ్ఞాపకంగా కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించే టైంటేబుల్ చదువునూ ధైర్యాన్నీ ఒకే దెబ్బకు తగ్గిస్తుంది.

అన్ని కేసులూ అలవాట్లతో సర్దుకుంటాయని అనుకోవడం కూడా పొరపాటే. 439 మంది కౌమారులతో అమెరికాలో జరిగిన కుంగుబాటు అధ్యయనంలో, 12 వారాలకు మాటల చికిత్స ఒక్కదానితో 43 శాతం, ఫ్లూఆక్సెటిన్ మందుతో 61 శాతం, రెండూ కలిపితే 71 శాతం మంది మెరుగుపడ్డారు. 2004లో వచ్చిన ఈ అంకెలు మందులంటే ఉన్న అపోహకు సమాధానం. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఈ రకం మందులు తీసుకునే పిల్లల్లో మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు 2 శాతం నుంచి 4 శాతానికి పెరగవచ్చని హెచ్చరించింది. కాబట్టి మందు సైకియాట్రిస్టు పర్యవేక్షణలోనే వాడాలి, మధ్యలో తమంతట తాము ఆపకూడదు. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి, చదువు, స్నేహాలు దెబ్బతింటుంటే సాయం తీసుకోవాలి. చావు గురించిన మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. 'చనిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబవళ్లు, తెలుగులో కూడా దొరుకుతుంది. సాయం అడగడం తప్పించుకోవడం కింద లెక్కకు రాదు. బాధను ఒంటరిగా దాచుకోవడమే అన్నిటికంటే పెద్ద తప్పించుకోవడం.

ఈ ఆధారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆరోగ్యకరమైన నైపుణ్యం అన్నది ఒక జాబితాలో ఇమిడేది కాదని తెలుస్తుంది. ఏ పద్ధతి పిల్లలకు మరో గది, మరో మనిషి, మరో ప్రయత్నం అందుబాటులోకి తెస్తుందో అది మంచిది. ఏ పద్ధతి వాళ్ల లోకాన్ని మంచం దాకా, తెర దాకా కుదించేస్తుందో, ఎంత హాయిగా ఉన్నా, దాన్ని అనుమానించాలి. ఈ కొలత తల్లిదండ్రులకూ, కాలేజీలకూ వర్తిస్తుంది. మార్కులు తగ్గిన రోజున ఇంటికి రావడానికి పిల్ల జంకుతోందంటే, ఆ పిల్ల తప్పించుకునే చోట్లలో ఇల్లు కూడా చేరిందన్నమాట. అప్పుడు మొదటి మెట్టు దిగాల్సింది పిల్ల కాదు. ర్యాంకు అడగకుండా ఆ పూట అన్నం పెట్టి, మర్నాడు ఏ పని ఎంత చిన్నదిగా మొదలుపెడదామో కలిసి తేల్చుకునే బాధ్యత ఇంట్లో పెద్దవాళ్లది.